టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్: పెరగబోయే ఆస్తి పన్నుతో నగర పునర్నిర్మాణం

నగరంలో వెనకబడిన ఒక ప్రాంతానికి హద్దులు గీసి, ఆనాటికి అక్కడి ఆస్తుల మీద వస్తున్న పన్నును ఎప్పటిలాగే అందరికీ పంచుతూ, ఆ తర్వాత అదనంగా పెరిగే పన్నును మాత్రం వేరే ఖాతాలో వేసి అదే ప్రాంతం కోసం ఖర్చు చేసే పద్ధతి టాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్. అమెరికా నగరాల్లో దీన్ని పొట్టిగా ‘టిఫ్’ అంటారు. హద్దులు గీసిన ప్రాంతం టిఫ్ డిస్ట్రిక్ట్. రోడ్లు, మురుగు కాల్వలు, కలుషితమైన ఫ్యాక్టరీ స్థలాల శుద్ధి, పాత భవనాల మరమ్మతు, కొన్నిచోట్ల నేరుగా బిల్డర్లకిచ్చే సాయం ఈ ఖాతాలోంచే నడుస్తాయి. అమెరికాలో ఒక్క అరిజోనా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ దీనికి చట్టం చేసుకున్నాయి.

కొత్త పన్ను వేయనక్కర్లేదు, పన్ను రేటు పెంచామని ఓటర్లకు సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ప్రాంతం బాగుపడితే ఆ బాగే తన ఖర్చును తాను తీర్చుకుంటుంది. మేయర్లు ఈ పద్ధతిని ఇష్టపడటానికి కారణమిదే. అయితే పెరిగిన పన్నులో ప్రాజెక్టు వల్ల పెరిగింది ఎంత, ఎలాగూ పెరగాల్సింది ఎంత అన్నది ఎక్కడా రాసి ఉండదు. ఆ రెండో భాగం నిజానికి బడులది, పార్కులది, కౌంటీ ఆసుపత్రులది. టిఫ్ మీద ఏడు దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరుగుతుంది.

లెక్క నడిచే తీరు

అమెరికాలో ఆస్తి పన్ను ఒక్క నగరపాలక సంస్థకే పోదు. ఒకే ఇంటి బిల్లులో నగరం వాటా, కౌంటీ వాటా, స్కూల్ డిస్ట్రిక్ట్ వాటా, పార్కులు, లైబ్రరీలు, కమ్యూనిటీ కాలేజీల వాటాలు విడివిడిగా ఉంటాయి. చాలాచోట్ల వీటన్నిటిలో పెద్దది బడుల వాటా. ఈ సంగతి మనసులో పెట్టుకోకపోతే టిఫ్ రాజకీయం అర్థం కాదు.

ఒక ఊహా లెక్క చూద్దాం. డిస్ట్రిక్ట్ ఏర్పడిన నాడు అందులోని ఆస్తుల విలువ 10 కోట్ల డాలర్లు, అన్ని సంస్థల పన్ను కలిపి 2 శాతం అనుకుంటే ఏటా వచ్చేది 20 లక్షల డాలర్లు. ఈ 20 లక్షలు ఆధార మొత్తం. అది ఎప్పటిలాగే బడికి, కౌంటీకి, నగరానికి పోతుంది. పదేళ్లకు విలువ 16 కోట్లకు చేరితే పన్ను 32 లక్షలవుతుంది. పెరిగిన 12 లక్షలు టిఫ్ ఖాతాలో పడతాయి. ఆ పన్నెండు లక్షల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ రేటు ప్రకారం లెక్కకట్టిన సొమ్ము కూడా ఉన్నా దాన్ని ఖర్చుపెట్టే అధికారం నగరానిది.

ఇప్పుడు అదే ప్రాంతంలో ఏ ప్రాజెక్టూ రాలేదనుకుందాం. ధరల పెరుగుదల వల్లే ఆస్తుల విలువ ఏటా 3 శాతం పెరిగినా పదేళ్లకు 13.4 కోట్లు దాటుతుంది, పన్ను 27 లక్షలకు చేరువవుతుంది. అంటే టిఫ్ ఖాతాలో పడిన 12 లక్షల్లో దాదాపు 7 లక్షలు ఎలాగూ వచ్చేవే. అదే వేగంతో 23 ఏళ్లు గడిస్తే ఎవరూ ఏమీ చేయకపోయినా విలువ ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇల్లినాయ్ చట్టం ఒక టిఫ్ డిస్ట్రిక్ట్‌కిచ్చే ఆయుర్దాయం సరిగ్గా 23 ఏళ్లు. శాసనసభ ఒప్పుకుంటే 35 ఏళ్ల దాకా పొడిగించుకోవచ్చు.

ఈ చిక్కును చట్టాలు గుర్తించకపోలేదు. చాలా రాష్ట్రాలు రెండు షరతులు పెట్టాయి. ఆ ప్రాంతం శిథిలావస్థలో గానీ, ఆ దారిలో గానీ ఉండాలి. ప్రభుత్వ సాయం లేకపోతే అక్కడ అభివృద్ధి జరగదని నగరం నిర్ధారించాలి. రెండో షరతే టిఫ్‌కు ప్రాణం, అమలులో అన్నిటికంటే బలహీనమైనదీ అదే. సాయం లేకపోతే ఏం జరిగేదో చూసినవారుండరు. సాయం కోరే బిల్డర్ ‘మీరివ్వకపోతే నేను కట్టను’ అంటాడు. ఆ మాట నిజమో కాదో తేల్చాల్సిన నివేదికను నగరం డబ్బిచ్చి కన్సల్టెంట్ చేత రాయించుకుంటుంది. అలాంటి నివేదికలు ‘సాయం అక్కర్లేదు’ అని ముగియడం అరుదు.

మొదటి షరతు కూడా ఎంతకైనా సాగింది. మిస్సోరీలో సెయింట్ లూయీ శివారు పట్టణం డె పెరెస్‌లో కొనుగోలుదార్లతో కళకళలాడుతున్న ఒక షాపింగ్ మాల్‌ను శిథిల ప్రాంతంగా ప్రకటించి, దాన్ని ఇంకా పెద్దది చేయడానికి టిఫ్ ఇచ్చారు. కోర్టుకు వెళ్లినా నిర్ణయం నిలిచింది. పేదల వాడల కోసం పుట్టిన పనిముట్టు సంపన్నుల మాల్‌కు చేరడానికి చట్టంలో ఒక్క మాట వదులుగా ఉంటే చాలు.

కాలిఫోర్నియా: పుట్టిన చోటే రద్దు

1945లో కాలిఫోర్నియా పునరభివృద్ధి చట్టం చేసి, నగరాలు ఇందుకోసం ప్రత్యేక ఏజెన్సీలు పెట్టుకోవడానికి వీలు కల్పించింది. 1949 గృహనిర్మాణ చట్టం కింద ఫెడరల్ ప్రభుత్వం మురికివాడల తొలగింపుకు నిధులివ్వసాగింది. కానీ నికర ఖర్చులో మూడో వంతు స్థానిక ప్రభుత్వం భరించాలి. ఆ వాటాకు డబ్బెక్కడిది అన్న వెతుకులాటలో దొరికిందే టిఫ్. 1952లో కాలిఫోర్నియా ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు. అక్కడ మొదలైంది.

తొలి దశలో ఈ డబ్బు కూల్చివేతలతో కలిసి నడిచింది. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున బంకర్ హిల్ మీద విక్టోరియన్ కాలపు ఇళ్లు, వాటిలో గదులు అద్దెకు తీసుకుని బతికే వృద్ధులు, చిన్న జీతగాళ్లు ఉండేవారు. 1959లో ఆమోదించిన ప్రణాళిక ఆ గుట్ట మొత్తాన్ని ఖాళీ చేయించింది. ఇవాళ అక్కడ ఆఫీసు టవర్లు, సంగీత మందిరాలు, మ్యూజియంలు ఉన్నాయి. పన్ను లెక్కలో ఇది విజయమే. ఆ గదుల్లో ఉన్నవాళ్లు ఎక్కడికి పోయారన్నది పన్ను లెక్కలో కనపడదు.

1974లో ఫెడరల్ అర్బన్ రెన్యూవల్ పథకం ముగిసింది. నాలుగేళ్లకు కాలిఫోర్నియా ప్రజలు ప్రొపొజిషన్ 13ను గెలిపించారు. దాని ప్రకారం ఆస్తి పన్ను విలువలో ఒక శాతానికి మించకూడదు, ఆస్తి చేతులు మారేదాకా లెక్కకట్టే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. నగరాల ఆదాయం ఒక్కసారిగా కుంగింది. పన్ను పెంచే దారి మూసుకుపోయాక, పక్క సంస్థల వాటాలోంచి కూడా డబ్బు తెచ్చుకునే దారిగా టిఫ్ మిగిలింది. అవసరం ఉన్న నగరమూ లేని నగరమూ డిస్ట్రిక్టులు గీసుకున్నాయి.

టిఫ్‌కు కళ్లెం వేయాలని అంతకుముందే పట్టుబట్టినవాళ్లలో లాస్ ఏంజెలెస్ కౌన్సిల్ సభ్యుడు ఎర్నానీ బెర్నార్డి ఒకరు. తన నగరం మీదే దావా వేశారు. 1977లో కుదిరిన రాజీ ప్రకారం డౌన్‌టౌన్ ప్రాజెక్టు మొత్తం జీవితకాలంలో 75 కోట్ల డాలర్లకు మించి పన్ను తీసుకోకూడదు. 

2011 నాటికి రాష్ట్రంలో సుమారు 400 పునరభివృద్ధి ఏజెన్సీలు ఉండేవి. రాష్ట్రమంతటా వసూలయ్యే ఆస్తి పన్నులో దాదాపు 12 శాతం, అంటే ఏటా 500 కోట్ల డాలర్ల దాకా వాటి చేతికి పోయేది. బడులకు తగ్గిన మొత్తాన్ని రాష్ట్ర ఖజానా భర్తీ చేయాలి. మాంద్యం దెబ్బకు ఖజానా వట్టిపోయిన ఆ సమయంలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఏజెన్సీలను రద్దు చేయాలని ప్రతిపాదించారు. శాసనసభ రెండు చట్టాలు చేసింది. ఒకటి ఏజెన్సీలను రద్దు చేసేది. రెండోది, బడులకు కొంత చెల్లిస్తే కొనసాగనిచ్చేది. 2011 డిసెంబరు 29న రాష్ట్ర సుప్రీంకోర్టు మొదటిదాన్ని నిలబెట్టి, రెండోదాన్ని కొట్టేసింది. 2012 ఫిబ్రవరి 1న ఏజెన్సీలన్నీ ఒకేసారి అంతరించాయి.

నష్టం లేకపోలేదు. ఏజెన్సీలు తమ టిఫ్ ఆదాయంలో 20 శాతాన్ని తక్కువ, మధ్యస్థ ఆదాయాల వారి ఇళ్లకు కేటాయించాలని నియమం ఉండేది. ఇళ్ల అద్దెలు భగ్గుమంటున్న రాష్ట్రంలో ఆ నిధి కూడా వాటితోపాటే పోయింది. 2014లో కాలిఫోర్నియా కొత్త రూపంలో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి బడుల వాటాను ముట్టుకోకూడదు, కౌంటీ లాంటి సంస్థలు తమంత తాము ఒప్పుకుంటేనే వాటి వాటా తీసుకోవాలి. ఖాతాలో పడే సొమ్ము బాగా తగ్గినా, అనుమతి అడిగి తీసుకునే సొమ్ము ఇది. అరవై ఏళ్ల అనుభవం నుంచి కాలిఫోర్నియా తీసిన సారం ఈ మార్పే.

చికాగో

టిఫ్‌ను అమెరికాలో మరే పెద్ద నగరమూ చికాగో అంత విస్తృతంగా వాడలేదు. ఇల్లినాయ్ 1977లో చట్టం చేసింది. చికాగో నగరం తన మొదటి డిస్ట్రిక్టును 1984లో, హెరాల్డ్ వాషింగ్టన్ మేయర్‌గా ఉన్నప్పుడు, నగర నడిబొడ్డు అయిన లూప్ ఉత్తర భాగంలో పెట్టింది. వ్యాపారం శివారు మాల్స్‌కు తరలిపోయి అక్కడి స్టేట్ స్ట్రీట్ కళ తప్పిన రోజులవి. తర్వాత విస్తరించి సెంట్రల్ లూప్‌గా మారిన ఈ డిస్ట్రిక్ట్ ఓరియంటల్, గుడ్‌మన్ వంటి థియేటర్లకు తోడ్పడి, రాత్రిపూట మనుషులు తిరిగే వీధులను మళ్లీ తయారుచేసింది. 2008లో ముగిసేనాటికి దాని ఖాతాలోకి వచ్చిన సొమ్ము వంద కోట్ల డాలర్ల స్థాయిలో ఉంది.

అదే డిస్ట్రిక్టులో బ్లాక్ 37 కూడా ఉంది. సిటీ హాల్‌కు కూతవేటు దూరంలోని ఆ స్థలంలోని భవనాలను 1989 ప్రాంతంలో కూల్చేశారు. కట్టాల్సిన టవర్లు రాలేదు. దాదాపు ఇరవై ఏళ్లు నగరం నడిమధ్యన ఖాళీ నేల పడి ఉంది. చలికాలంలో స్కేటింగ్ రింకు పెట్టారు, ఎండాకాలంలో బడిపిల్లలకు చిత్రకళ నేర్పారు. 2009లో ఎట్టకేలకు మాల్ తెరిచారుగానీ, దాని అడుగున తలపెట్టిన రైలు స్టేషన్ పని సగంలోనే ఆగిపోయింది. థియేటర్లను, బ్లాక్ 37ను కలిపి చూస్తేనే సెంట్రల్ లూప్ పూర్తి చిత్రం.

1989 నుంచి 2011 వరకు మేయర్‌గా ఉన్న రిచర్డ్ ఎం. డేలీ కాలంలో డిస్ట్రిక్టులు 160 దాటాయి. ఒక దశలో నగర విస్తీర్ణంలో 30 శాతం దాకా వీటిలోనే ఉంది. పక్కపక్కనే ఉన్న డిస్ట్రిక్టుల మధ్య డబ్బు మార్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి ఒక చోట చేరిన సొమ్మును ఇంకో చోటికి నడిపించవచ్చు. సాధారణ బడ్జెట్‌లో ప్రతి పద్దు మీదా కౌన్సిల్లో చర్చ జరుగుతుంది. టిఫ్ ఖాతాకు అంత వెలుతురు లేదు. చికాగో రీడర్ పత్రికలో విలేకరి బెన్ జొరావ్‌స్కీ ఏళ్ల తరబడి దీనిమీద రాశారు. కుక్ కౌంటీ క్లర్క్ డేవిడ్ ఓర్ ఏటా డిస్ట్రిక్టులవారీ వసూళ్లు ప్రచురించి జనం ముందు పెట్టారు. ఆ ఇద్దరి పట్టుదల వల్ల టిఫ్ అనే మాట చికాగో ఇళ్లలో సామాన్య సంభాషణలోకి వచ్చింది.

లాసాల్ సెంట్రల్ డిస్ట్రిక్టు అందరికీ కళ్లు తెరిపించింది. నగరంలో బ్యాంకులు, ఎక్స్చేంజీలు కొలువున్న వీధిని సంరక్షించాల్సిన ప్రాంతంగా ప్రకటించి, పెద్ద కంపెనీల ఆఫీసులకు సాయం మంజూరు చేశారు. విమర్శల వేడికి 2012లో ఎక్స్చేంజీలు నడిపే సి.ఎం.ఇ. గ్రూప్ తనకు మంజూరైన కోటీ 50 లక్షల డాలర్లను వదులుకుంది. ఆ సొమ్ము లేకపోయినా కంపెనీ ఊళ్లోనే ఉంది. ‘సాయం లేకపోతే జరగదు’ అన్న నిర్ధారణ ఎంత గట్టిదో కొలవడానికి ఇంతకంటే స్పష్టమైన పరీక్ష దొరకదు.

చికాగో లెక్కలో ఇంకో మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. ఇల్లినాయ్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ వంటి సంస్థలు ముందు తమకు ఎంత మొత్తం కావాలో నిర్ణయిస్తాయి. ఆ మొత్తాన్ని పన్ను పరిధిలోని విలువతో భాగిస్తే రేటు వస్తుంది. టిఫ్ డిస్ట్రిక్టుల్లో పెరిగిన విలువ ఈ భాగహారంలోకి రాదు. విలువ తగ్గితే రేటు పెరుగుతుంది. అంటే బడుల ఆదాయం పూర్తిగా పోకపోయినా, డిస్ట్రిక్టులతో సంబంధం లేని ఇంటి యజమాని కూడా కొంచెం ఎక్కువ పన్ను కడతాడు. కొత్త పన్ను లేదన్న ప్రచారం అతని బిల్లు దగ్గర నిలవదు.

2019 ఏప్రిల్‌లో, కొత్త మేయర్ లోరీ లైట్‌ఫుట్ బాధ్యతలు చేపట్టడానికి కొద్ది వారాల ముందు, కౌన్సిల్ రెండు భారీ ప్రాజెక్టులకు టిఫ్ ఆమోదించింది. నది ఒడ్డున లింకన్ యార్డ్స్‌కు 130 కోట్ల డాలర్ల దాకా, సౌత్ లూప్ పక్కన ‘ది 78’కు 110 కోట్ల దాకా. సంపన్న ప్రాంతాల నడుమ ఉన్న ఖాళీ పారిశ్రామిక భూమికి ఇంత సొమ్మా అని పౌర సంఘాలు కోర్టుకెక్కాయి. అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఈ ఒప్పందాల్లో ఒక మంచి గుణం ఉంది. ముందు బిల్డర్ తన డబ్బుతో రోడ్లు, వంతెనలు కట్టాలి, పన్ను పెరిగితేనే నగరం తిరిగి చెల్లిస్తుంది. లింకన్ యార్డ్స్‌లో అనుకున్న టవర్లు లేవలేదు. స్థలంలో ఉత్తర భాగం 2025లో రుణమిచ్చిన బ్యాంకు చేతికి పోయింది. కట్టలేదు కాబట్టి నగరం అంత సొమ్మూ చెల్లించాల్సిన పనీ రాలేదు.

పొగడదగిన వాడకం కూడా చికాగోలోనే ఉంది. 2016లో రాష్ట్ర చట్టం మార్చి, రైలు మార్గాల ఆధునికీకరణకు ప్రత్యేక ట్రాన్సిట్ టిఫ్‌కు దారి తెరిచారు. ఉత్తరాన రెడ్, పర్పుల్ లైన్ల వెంట ఏర్పాటుచేసిన డిస్ట్రిక్ట్ నుంచి 62.2 కోట్ల డాలర్లు సమకూర్చి, ఫెడరల్ నిధులతో కలిపి శతాబ్దం నాటి పట్టాలను, స్టేషన్లను కొత్తగా కట్టారు. ఇందులో స్కూల్ డిస్ట్రిక్ట్ వాటాను పూర్తిగా బయట ఉంచారు. దక్షిణాన నల్లజాతి జనాభా ఎక్కువగా ఉన్న వాడలకు రెడ్ లైన్ పొడిగించడానికి 2022లో ఇదే తరహాలో 95 కోట్ల డాలర్లు ఆమోదించారు. 2024లో మేయర్ బ్రాండన్ జాన్సన్ హయాంలో కౌన్సిల్ మరో మలుపు తీసుకుంది. గడువు తీరుతున్న డిస్ట్రిక్టులను పొడిగించకుండా ముగియనిచ్చి, సాధారణ ఖజానాకు తిరిగొచ్చే పన్ను ఆధారంగా 125 కోట్ల డాలర్ల గృహనిర్మాణ, ఆర్థికాభివృద్ధి బాండ్లకు ఒప్పుకుంది.

ముందు అప్పు చేసినప్పుడు

పన్ను పెరుగుదల నెమ్మదిగా వస్తుంది, రోడ్డు ముందే కావాలి. ఈ ఎడాన్ని పూడ్చడానికి నగరాలు భవిష్యత్ వసూళ్లను చూపించి బాండ్లు అమ్ముతాయి. అంచనా తప్పితే ఎవరు మునుగుతారన్నది ఒప్పందం రాసేటప్పుడే తేలిపోతుంది.

న్యూయార్క్‌లో హడ్సన్ యార్డ్స్ అసలైన టిఫ్ కాకపోయినా అదే సూత్రం మీద నడిచింది. రైలు యార్డుల చుట్టూ రాబోయే టవర్ల నుంచి పన్నుకు బదులుగా అందే చెల్లింపులను హామీగా పెట్టి, ఇందుకోసమే ఏర్పాటుచేసిన సంస్థ 2006లో 200 కోట్ల డాలర్లు, 2011లో మరో 100 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. అందులో పెద్ద భాగం 7వ నంబరు సబ్‌వే పొడిగింపుకు పోయింది. 2008 మాంద్యంతో టవర్లు ఆలస్యమయ్యాయి. వడ్డీ ఆగదు కదా. నగర ఖజానా నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా వడ్డీ కింద కట్టాల్సి వచ్చింది. 2015 సెప్టెంబరులో స్టేషన్ తెరిచారు. ప్రాంతం నిండింది. కానీ తన ఖర్చు తానే తీర్చుకుంటుందన్న మొదటి మాట పూర్తిగా నిలవలేదు.

అట్లాంటా బెల్ట్‌లైన్ కథలో మలుపులు ఎక్కువ. 1999లో జార్జియా టెక్ విద్యార్థి రయన్ గ్రావెల్ తన సిద్ధాంత వ్యాసంలో, నగరం చుట్టూ పనికిరాకుండా పోయిన సుమారు 22 మైళ్ల రైలు దారులను కలిపి ఒక వలయంగా మార్చాలని ప్రతిపాదించాడు. నగరం దాన్ని అందుకుని 2005లో 25 ఏళ్ల గడువుతో ప్రత్యేక డిస్ట్రిక్ట్ పెట్టింది. కౌంటీ, స్కూల్ బోర్డు ఒప్పుకుని తమ వాటా వదులుకున్నాయి. బదులుగా స్కూళ్లకు ఏటా నిర్ణీత చెల్లింపులు చేస్తామని నగరం మాటిచ్చింది. 2008లో జార్జియా సుప్రీంకోర్టు స్కూల్ పన్నును ఇలా మళ్లించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి మళ్లీ అనుమతిచ్చారు. ఇంతలో మాంద్యం వచ్చి వసూళ్లు అంచనాకు చాలా దిగువకు పడిపోయాయి. స్కూళ్లకు బాకీ ఎలా తీర్చాలన్న తగవు 2016 దాకా సాగి, కొత్త ఒప్పందంతో ముగిసింది.

బెల్ట్‌లైన్ కాలిబాట ఇవాళ అట్లాంటాలో జనం అత్యంత ఇష్టంగా తిరిగే చోట్లలో ఒకటి. దాని పక్కన అద్దెలు పెరిగి పాత కాపురాలు కదిలిపోవడమూ నిజమే. 5,600 చవక ఇళ్ల లక్ష్యం పెట్టుకున్నారు. బాట వచ్చినంత వేగంగా ఆ ఇళ్లు రాలేదు. ఈ అసంతృప్తితోనే 2016లో గ్రావెల్ స్వయంగా ఆ ప్రాజెక్టు భాగస్వామ్య సంస్థ బోర్డుకు రాజీనామా చేశాడు. ఆస్తి విలువ పెరగడమే ఈ పద్ధతి ఇంధనం కాబట్టి అద్దెలు పెరగడం దీనికి అనుకోని దుష్ఫలితం కాదు. చవక ఇళ్లకు స్థలం మొదటి రోజే కొని పెట్టకపోతే పదేళ్ల తర్వాత టిఫ్ సొమ్ముతో కూడా కొనలేరు.

టెక్సాస్‌లోనూ ఇలాంటి డిస్ట్రిక్టులే ‘రీఇన్వెస్ట్‌మెంట్ జోన్’ అన్న పేరుతో ఉన్నాయి. డాలస్ తన మొదటి డిస్ట్రిక్టును 1988లో స్టేట్-థామస్ ప్రాంతంలో పెట్టింది. ఆ ప్రాంతం ఇప్పుడు అప్‌టౌన్ పేరుతో ఖరీదైన వాడగా మారింది. ఫ్రిస్కో, ఇర్వింగ్ పట్టణాల్లో ఇళ్లు కొనుక్కున్న వేలాది తెలుగు కుటుంబాలు రాష్ట్ర ఆదాయ పన్ను లేని ఆ రాష్ట్రంలో భారీ ఆస్తి పన్ను కడుతున్నాయి. తమ ఊరిలో ఏ జోన్ ఎప్పుడు ముగుస్తుందో సిటీ కౌన్సిల్ పత్రాల్లో చూసుకోవడం వారికి అక్కరకొచ్చే పని.

అమెరికా బయట ఈ ఆలోచన తక్కువ చోట్లే వేళ్లూనింది. కెనడాలో కాల్గరీ 2007లో ఈస్ట్ విలేజ్ పునరుద్ధరణకు దీన్ని వాడింది. లండన్‌లో బాటర్‌సీ దాకా నార్తర్న్ లైన్ పొడిగింపు కోసం గ్రేటర్ లండన్ అథారిటీ దాదాపు 100 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చి, నైన్ ఎల్మ్స్ ప్రాంతంలో పెరిగే వ్యాపార పన్నుతో, బిల్డర్ల వాటాతో తీర్చుకునే ఏర్పాటు చేసింది. ఆ స్టేషన్లు 2021 సెప్టెంబరులో తెరుచుకున్నాయి.

పరిశోధకుల తీర్పు

రిచర్డ్ డై, డేవిడ్ మెరిమన్ చికాగో మహానగర ప్రాంతంలోని పట్టణాలను పోల్చి 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో గట్టి కుదుపు. టిఫ్ పెట్టుకున్న పట్టణాలు పెట్టుకోని వాటికంటే నెమ్మదిగా పెరిగాయని వారు తేల్చారు. డిస్ట్రిక్ట్ లోపల కనిపించే పెరుగుదల కొంతవరకు పక్క వీధి నుంచి తరలివచ్చిందే. అవతలి దుకాణం మూతపడి ఇవతల తెరుచుకుంటే ఖాతాలో లాభం కనపడుతుంది గానీ ఊరికి ఒరిగేది లేదు. 2018లో లింకన్ ఇన్‌స్టిట్యూట్ కోసం మెరిమన్ ముప్పైకి పైగా అధ్యయనాలను సమీక్షించి, చాలా సందర్భాల్లో టిఫ్ ఆర్థికాభివృద్ధి లక్ష్యాన్ని సాధించలేదని ముగించారు. పద్ధతిని పారేయమని ఆయన అనలేదు. సంస్థలు తమ వాటా ఇవ్వాలో వద్దో ఎంచుకునే హక్కు, లెక్కలు బహిరంగంగా ఉంచడం, ‘సాయం లేకపోతే’ అన్న పరీక్షను కట్టుదిట్టం చేయడం అడిగారు.

అనుభవాన్ని బట్టి చూస్తే, అందరూ వాడుకునే మౌలిక వసతికి, అంటే రైలుకో, నేల శుద్ధికో, వరద కాల్వకో వాడినప్పుడు టిఫ్ మీద నమ్మకం నిలిచింది. ఫలానా కంపెనీ ఆఫీసుకో, మాల్‌కో ఇచ్చినప్పుడు సన్నగిల్లింది.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాల్లో

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2017 ఫిబ్రవరిలో భూమి విలువ పెరుగుదల నుంచి నిధులు రాబట్టే విధాన పత్రం విడుదల చేసింది. భూమి విలువ పన్ను, బెటర్‌మెంట్ చార్జీలు, టి.డి.ఆర్. (బదిలీ చేయదగిన నిర్మాణ హక్కులు), ఖాళీ స్థలాల పన్ను, ల్యాండ్ పూలింగ్ వంటి పద్ధతుల జాబితాలో టిఫ్ కూడా ఉంది. జాబితాలోని కొన్ని పద్ధతులు తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్‌లో రోడ్డు విస్తరణకు స్థలమిచ్చినవారికి టి.డి.ఆర్. ఇస్తారు. ఔటర్ రింగ్ రోడ్డు వెంట గ్రోత్ కారిడార్‌లో కట్టేవారి దగ్గర ఇంపాక్ట్ ఫీజు తీసుకుంటారు. మెట్రో రైలు నిర్మాణానికి డిపోలు, స్టేషన్ల దగ్గర దాదాపు 269 ఎకరాల్లో వాణిజ్య నిర్మాణ హక్కులిచ్చారు. అమరావతిలో ల్యాండ్ పూలింగ్ కింద రైతులు 33 వేలకు పైగా ఎకరాలిచ్చారు. ఇవన్నీ విలువ పెరుగుదలను ముందుగానో, ఒక్కసారిగానో పట్టుకునే దారులు. టిఫ్ ఏడాదికేడాది, పన్ను బిల్లు ద్వారా పట్టుకునేది.

ఆ బిల్లే మన దగ్గర బలహీనం. దేశ స్థూలోత్పత్తిలో ఆస్తి పన్ను పావు శాతం కూడా ఉండదు. తెలంగాణలో పన్నును వార్షిక అద్దె విలువ మీద కడతారు. మెట్రో పక్కన ఫ్లాటు ధర రెట్టింపైనా లెక్కలోని అద్దె సవరించేదాకా పన్ను కదలదు. ఆంధ్రప్రదేశ్ 2021లో రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టిన మూలధన విలువ పద్ధతికి మారింది. టిఫ్‌కు కావాల్సిన పునాది ఇదే అయినా, ఏటా పెంపు 15 శాతానికి మించకూడదన్న పరిమితి ఉంది. మధ్యతరగతి ఇంటికి ఆ రక్షణ అవసరమే. కాబట్టి ఇక్కడ ఇంక్రిమెంట్ ఎక్కువగా కొత్త కట్టడాల నుంచే రావాలి. ఖాళీ మిల్లులు, పాత మార్కెట్ యార్డులు, పోర్టు పరిసరాలు దీనికి తగిన చోట్లు, జనం కాపురమున్న బస్తీలు కావు.

మన ఆస్తి పన్నులో బడుల వాటా లేదు. కాబట్టి చికాగో తగవు మనకు రాదనుకోవడం సగమే నిజం. పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, జిల్లా గ్రంథాలయ సంస్థలకు అదే ప్రధాన ఆధారం. వసూలైన సెస్సునే చాలా పురపాలక సంస్థలు ఏళ్ల తరబడి బకాయి పెడుతున్నాయి. ఈ రాష్ట్రాల్లో టిఫ్ చట్టం వచ్చే రోజున, ఆ సెస్సు ఇంక్రిమెంట్ ఖాతాలో కలవకుండా మొదటి సెక్షన్‌లోనే రాయించాలి. గడువు, గరిష్ఠ మొత్తం, వార్డువారీ వార్షిక లెక్క కూడా అందులోనే ఉండాలి. పక్క సంస్థల వాటాకు ఇలాంటి రక్షణను తర్వాత చేర్చడానికి కాలిఫోర్నియాకు అరవై ఏళ్లు పట్టింది.